శాంతి యాగం కాదు మహాప్రభో!

మా చెల్లెలికి మనవడు పుట్టాడు. పుట్టింది ఇక్కడ కాదు, అమెరికాలో. కోడలు చిలీ దేశపు పిల్ల. మావాడూ ఆ అమ్మాయీ ఒకే కాలేజీలో చదువుకుని, ఇష్టపడి, ఇటు మన పద్ధతిలోనూ అటు వాళ్ళ పద్ధతిలోనూ రెండుసార్లు పెళ్ళి చేసుకున్నారు. పిల్లాడికి పేరు ఖరారు చేశామని మొన్నామధ్య కబురు వచ్చింది. సాంతియాగో! అమ్మాయి తాతగారి పేరట.

ఇంకేముంది, మా బంధువర్గమంతా సెల్‌ఫోనులో కూడే రచ్చబండ మీద చర్చ మొదలయింది. మా పెదబావగారు వ్యాకరణం చదువుకున్న మనిషి. "దివ్యంగా వుంది! శాంతి యాగం! అచ్చంగా సంస్కృతం. మనవాళ్ళు ఏనాడో సముద్రాలు దాటి వెళ్ళారనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?" అని తేల్చేశారు. గంట తిరక్కుండా మా మేనకోడలు పిల్లల పేర్ల పుస్తకం తిరగేసి, "సాంతియాగో: మడమ పట్టుకున్నవాడు, మోసగాడు" అని పెట్టింది. అది చూసి ఉలిక్కిపడ్డ ఇంకొకాయన ఎక్కడో వెతికి, "కంగారు పడకండి. సాంతియాగో అంటే సెయింట్ జేమ్స్. వీరుడు, రక్షకుడు అని అర్థం" అని ఓదార్చాడు.

రాత్రి పదింటికి మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, నువ్వు నాలుగు పుస్తకాలు చదివినవాడివి. ఇంతకీ నా మనవడు మోసగాడా, మహాత్ముడా, యజ్ఞమా?"

రేపు చెబుతానమ్మా అన్నాను. చెప్పడానికి వారం పట్టింది. ఆ వారం రోజుల్లో నాకు వచ్చిన కోపమే ఈ వ్యాసం. కోపం పిల్లాడి మీదా కాదు, పేరు మీదా కాదు. పేరుకు ఎదురుగా రెండు చుక్కలు పెట్టి, ఆ పక్కన ఒక్క ముక్కలో అర్థం రాసి చేతులు దులుపుకునే నామార్థ పండితుల మీద. వాళ్ళు చెప్పేది అబద్ధమయితే పోనీలే అనుకుందును. సగం నిజం చెబుతారు. మిగిలిన సగం చెప్పరు. ఆ చెప్పని సగంలోనే అసలు కథంతా వుంటుంది.

ముందు మా పెదబావగారి సంగతి తేల్చుకుందాం. శాంతీ లేదు, యాగమూ లేదు. స్పానిష్ భాషలో సాంతో అంటే పునీతుడు. దాని వెనక వున్నది లాటిన్ 'సాంక్తుస్'. హిందీవాళ్ళు సాధువులను 'సంత్' అంటారు గదా, అదీ ఇదీ ఒకటేనని మరికొందరికి నమ్మకం. కాదు. హిందీ సంత్‌కు మూలం సంస్కృతంలో 'వుండడం' అనే ధాతువు. లాటిన్ మాటకు మూలం 'పవిత్రంగా నిర్ణయించడం'. సంతలో ఎదురుపడిన ఇద్దరి చొక్కాలు ఒకే రంగయినంత మాత్రాన అన్నదమ్ములయిపోతారా?

రెండో ముక్క యాగో. ఇది హీబ్రూ నుంచి వచ్చింది. హీబ్రూలో యఆకోవ్, గ్రీకులో ఇయాకోబోస్, లాటిన్‌లో ఇయాకోబుస్. అక్కణ్ణుంచి స్పెయిన్ జనం నోళ్ళలో నలిగి నలిగి యాగో అయింది. అంటే మన తెలుగు బైబిల్లో యాకోబే! సాంత్, యాగో రెండూ కలిసి సాంతియాగో. తరువాత తరాలవాళ్ళు సంధి విడదీయడంలో ఒక పొరపాటు చేశారు. సాంత్ + యాగో అనవలసిన చోట సాన్ + తియాగో అని విరిచారు. అలా విరిగిన ముక్కే పోర్చుగీసు వాళ్ళ దగ్గర తియాగో అనే మరో పేరయి కూచుంది. ఆ లాటిన్ మాటకే ఇంకో రూపాంతరం ఇయాకోముస్. దాని సంతానం స్పెయిన్‌లో హైమే, ఇటలీలో జాకొమో, ఇంగ్లండులో జేమ్స్. ఒక్క తల్లి పిల్లలే, ముఖాలు మాత్రం కలవవు.

ఇక మా మేనకోడలి పుస్తకం. అది చెప్పిన మడమ కథ బైబిలు మొదటి కాండంలో నిజంగానే వుంది. ఇస్సాకు భార్య రిబ్కాకు కవలలు పుట్టారు. ముందు పుట్టినవాడు ఏశావు. రెండోవాడు అన్న మడమ పట్టుకుని బయటికి వచ్చాడు. హీబ్రూలో మడమను 'అకేవ్' అంటారు. అందుకని వాడికి యాకోబని పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆకలితో వచ్చిన అన్నకు పూట కూడు పెట్టి జ్యేష్ఠత్వం రాయించుకున్నాడు. గుడ్డివాడయిన తండ్రి దగ్గరికి అన్న వేషంలో వెళ్ళి ఆశీర్వాదం కొట్టేశాడు. అప్పుడు ఏశావు గుండె మండి, వీడికి ఆ పేరు సరిగ్గానే పెట్టారన్నాడు. పేర్ల పుస్తకంలోని 'మోసగాడు' అక్కడినుంచి వచ్చింది. కడుపు మండిన అన్న తిట్టిన తిట్టును తీసుకొచ్చి అర్థం అని అచ్చు వేశారన్నమాట!

పోనీ, భాషావేత్తలన్నా ఆ మడమ దగ్గర ఆగారా? లేదు. ఆ కాలపు సెమిటిక్ పేర్లతో పోల్చి చూసి, ఇది మొదట 'దేవుడు కాపాడుగాక' అనే దీవెన నుంచి కుదించుకుపోయిన పేరయి వుంటుందని చాలామంది అంటారు. ఒకవైపు తిట్టు, ఇంకోవైపు దీవెన. పైగా ఆ యాకోబు కూడా చివరిదాకా యాకోబుగా వుండలేదు. ఒక రాత్రంతా దైవస్వరూపుడితో కుస్తీపట్టి, తెల్లవారేసరికి ఇశ్రాయేలనే కొత్త పేరు పొందాడు. పేరుగలవాడే వదిలి ముందుకు నడిచిన అర్థాన్ని, మూడు వేల ఏళ్ళ తరువాత మా మేనకోడలు పట్టుకొచ్చి ఉయ్యాల్లో పిల్లాడి మెడకు కడుతోంది.

అదలా వుంచండి. సాంతియాగోలో వున్న యాగో అసలు ఆ యాకోబు కాదు. ఆయన పేరు పెట్టుకున్న మరో మనిషి. గలిలయ సరస్సులో చేపలు పట్టుకునే జెబెదయి కొడుకు, యోహానుకు అన్న, ఏసు పన్నిద్దరు శిష్యుల్లో ఒకడు. అన్నదమ్ములిద్దరిదీ దుందుడుకు స్వభావం. అందుకే గురువు వాళ్ళకు 'ఉరుము కొడుకులు' అని ముద్దుపేరు పెట్టాడు. ఒకసారి సమరయుల వూరొకటి తమకు చోటివ్వలేదని, ఆకాశం నుంచి నిప్పు కురిపించి వూరు తగలబెట్టమంటావా అని గురువునడిగారు. గురువు గట్టిగా మందలించాడు. ఈ మందలింపును దయచేసి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. చివరికి 44వ సంవత్సరం ప్రాంతంలో హేరోదు అగ్రిప్ప రాజు ఆయన్ను కత్తితో చంపించాడు.

ఆయన కత్తివేటుకు బలయ్యాడు. ఎవరిమీదా కత్తి ఎత్తినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు. మరి ఎనిమిది వందల ఏళ్ళు గడిచాక అదే మనిషి చేతిలోకి కత్తి ఎలా వచ్చింది? తెల్లగుర్రం ఎలా వచ్చింది?

చెబుతాను. 9వ శతాబ్ది తొలి భాగంలో, స్పెయిన్ వాయవ్యాన గలీసియా అనే మారుమూల సీమలో ఒక పాత సమాధి బయటపడింది. అది యాకోబుదేనని అక్కడి బిషప్పు ప్రకటించాడు. రెండవ అల్ఫోన్సో రాజు దానిమీద గుడి కట్టించాడు. ఆ వూరే సాంతియాగో దె కొంపోస్తెలా అయింది. ఆనాటికి స్పెయిన్‌లో ఎక్కువ భాగం ముస్లిముల ఏలుబడిలో వుంది. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి దిగిన ఆ జనాన్ని స్పెయిన్‌వాళ్ళు మూర్లు అనేవారు. ఉత్తరాన మిగిలిన చిన్న చిన్న క్రైస్తవ రాజ్యాలకు ధైర్యం చెప్పే మనిషి ఒకడు కావలసివచ్చాడు. బతికున్నవాళ్ళలో దొరకలేదు కాబోలు, సమాధిలోంచి లేపారు.

844లో క్లావిహో అనే చోట మూర్లకూ రామిరో రాజుకూ యుద్ధం జరిగిందనీ, సాంతియాగో తెల్లగుర్రం మీద దిగివచ్చి శత్రువులను చీల్చి చెండాడాడనీ కథ. అప్పటినుంచి ఆయనకు 'మాతామోరోస్' అని బిరుదు. మా పెదబావగారు మళ్ళీ తొందరపడతారేమో, ఇది మన 'మాత' కాదు. స్పానిష్‌లో మాతార్ అంటే చంపడం. మూర్లను చంపేవాడని ఆ బిరుదుకు అర్థం. వూరు తగలబెడతానన్నందుకు గురువు చేత చీవాట్లు తిన్న చేపలవాడికి దక్కిన బిరుదది!

ఇంతకూ ఆ యుద్ధం జరగనే లేదని నేటి చరిత్రకారుల మాట. అయితేనేం, జరగని యుద్ధానికి పన్ను మాత్రం వసూలయింది. సాంతియాగో చేసిన మేలుకు కృతజ్ఞతగా ప్రతి కాడి ఎడ్లకూ ఇన్ని గింజలు, ఇంత ద్రాక్షసారా ఏటేటా ఆయన గుడికి చెల్లించాలని రామిరో రాజు రాసిచ్చినట్టు ఒక దస్తావేజు వుంది. అది 12వ శతాబ్దంలో పుట్టించిన దొంగ దస్తావేజు. దాన్ని చూపించి రైతుల గాదెల్లోంచి వందల ఏళ్ళు ధాన్యం కొలిపించుకున్నారు. 1812లో కాదిస్ పట్నంలో కూడిన స్పెయిన్ ప్రతినిధుల సభ ఆ పన్నును రద్దు చేసింది. ఇప్పుడు చెప్పండి, పన్ను కట్టిన రైతును సాంతియాగో అంటే అర్థమేమిటని అడిగితే మడమ అంటాడా, మూట అంటాడా?

ఇంకొక సంగతి వుంది. 997లో కోర్దోవా నుంచి అల్ మన్సూర్ అనే సేనాని దండెత్తి వచ్చి కొంపోస్తెలాను నేలమట్టం చేశాడు. సమాధి జోలికి మాత్రం పోలేదు. గుడిగంటలు దింపించి, పట్టుబడిన క్రైస్తవుల భుజాల మీద కోర్దోవా దాకా మోయించాడని చరిత్రలు రాశాయి. 1236లో మూడవ ఫెర్నాందో రాజు కోర్దోవాను గెలిచాడు. అవే గంటలను పట్టుబడిన ముస్లిముల భుజాల మీద తిరిగి కొంపోస్తెలాకు మోయించాడు. గంటలు అవే, దారీ అదే, బరువూ అదే. మోసిన భుజాలే మారాయి. ఏ వీరుడు, ఎవరికి రక్షకుడు అని ఆ భుజాలనడిగితే రెండు జవాబులు వస్తాయి. మా బంధువు ఓదార్పుగా చెప్పిన 'వీరుడు, రక్షకుడు' ఆ రెంటిలో ఒకటి మాత్రమే.

తరువాత పేరు ఓడెక్కింది. అప్పటికే అది యుద్ధనినాదం. మన పల్లెల్లో బరువెత్తేటప్పుడు దేవుణ్ణి తలుచుకున్నట్టు, స్పెయిన్ సైనికులు శత్రువు మీద పడేటప్పుడు సాంతియాగో అని అరిచేవారు. 1532 నవంబరులో పెరూ దేశంలోని కహమార్కాలో, ఇంకా రాజు అతవాల్పాను నమ్మించి పిలిపించి పట్టుకున్ననాడు, పిసార్రో మనుషులు కేకపెట్టింది ఈ పేరే. 1536లో ఇంకాల సైన్యం కుస్కో నగరాన్ని ముట్టడించినప్పుడు మళ్ళీ తెల్లగుర్రం దిగివచ్చిందట. ఈసారి మూర్లు లేరు గదా! అక్కడి ఇండియన్లనే గుర్రం కాళ్ళ కింద పడేశారు. బిరుదు కూడా మాతామోరోస్ నుంచి మాతాయిందియోస్‌గా మారింది. గ్వామన్ పోమా అనే ఇంకా దేశస్థుడు 1615 ప్రాంతంలో తన పెద్ద గ్రంథంలో ఆ బొమ్మ గీశాడు. తమవాణ్ణి తొక్కుతున్న గుర్రాన్ని తన చేత్తో తానే గీశాడు.

ఇక్కడే కథ నేనెదురుచూడని మలుపు తిరిగింది. ఆ ఇండియన్లు సాంతియాగోను చూసి పారిపోలేదు. ఆయన్ను తమలో కలిపేసుకున్నారు. వాళ్ళకు అంతకుముందే పిడుగు దేవుడున్నాడు, పేరు ఇల్యాపా. స్పెయిన్‌వాళ్ళు సాంతియాగో అని అరుస్తారు, మరుక్షణం తుపాకి ఉరుముతుంది, నిప్పు కక్కుతుంది. అంటే సాంతియాగో అన్నది పిడుగు పేరే గదా! పోనీ తప్పా? ఏసు ఆయన్ను ఉరుము కొడుకన్నాడా లేదా? మన పేర్ల పుస్తకాలు రాసేవాళ్ళకన్నా ఆ కొండజనం ఒకందుకు నయం. ఆ పేరు తమ చెవికి ఎలా వినిపించిందో దాన్నిబట్టే అర్థం చెప్పుకున్నారు.

వాళ్ళలో కవలలు పుడితే ఒకడు పిడుగు బిడ్డ అని నమ్మకం. ఆ బిడ్డకు సాంతియాగో అని పేరు పెట్టడం మొదలుపెట్టారు. పైకి చూస్తే పునీతుడి పేరు, లోపల వున్నది పాత దేవుడు. పాద్రీలు ఈ కిటుకు కనిపెట్టారు. పాబ్లో హోసే దె అర్రియాగా అనే జెస్యూట్ పాద్రీ, పాత మతాన్ని పెకలించడమెలాగో వివరిస్తూ 1621లో ఒక గ్రంథం అచ్చు వేయించాడు. అందులో ఇండియన్లు పాటించవలసిన కట్టడి ఒకటి వుంది. ఇకమీదట పాత దేవతల పేర్లూ పిడుగు పేర్లూ ఎవరూ పెట్టుకోరాదు. ఆ నిషిద్ధ నామాల జాబితాలో సాంతియాగో కూడా వుంది! కావాలంటే దియెగో అని పెట్టుకోండన్నారు.

ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. తరువాత నవ్వు ఆగిపోయింది. సాంతియాగో పేరు మీద దేశాలకు దేశాలు గెలిచినవాళ్ళు, సాంతియాగో అన్న పేరును పసిబిడ్డలకు నిషేధించారు! ఎందుకని? ఆ పేరుకు కొండజనం తమ అర్థం చెప్పుకున్నారు గనక.

దియెగో ముచ్చట కూడా చెప్పుకోవాలి. సాంతియాగో ముద్దుపేరే దియెగో అని ప్రతి పేర్ల పుస్తకమూ ఢంకా బజాయించి చెబుతుంది. ఫుట్‌బాల్ మారడోనా పేరు అదే, కాలిఫోర్నియాలో మనవాళ్ళు బోలెడుమంది కాపురాలుంటున్న శాండియాగో పట్నం పేరూ అదే. కానీ పాత లాటిన్ పత్రాల్లో దియెగోను దీదాకుస్ అని రాసేవారు. 'దీయాస్' అనే ఇంటిపేరు దియెగో కొడుకని చెప్పే మాట. ఆ దీయాస్ పేరుతోనే 11వ శతాబ్దపు మహావీరుడు రోద్రిగో దీయాస్ వున్నాడు. లోకమంతా ఆయన్ను ఎల్ సిద్ అంటుంది. ఆ 'సిద్' అరబ్బు మాట, మనకు తెలిసిన సయ్యద్! దియెగో మొదటినుంచీ వేరే పేరేననీ, జనం తరువాత సాంతియాగోతో ముడిపెట్టారనీ చాలామంది పండితుల అభిప్రాయం. పుస్తకాల్లో మాత్రం ఒకే వరసలో రెండు పేర్లూ, ఒకే అర్థమూ! అదే నిజమయితే పెరూ పాద్రీలు ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని చేతికిచ్చేవారా? నిఘంటువుల్లో ఒకటయిన రెండు పేర్లు, కొండమీది తల్లికి మాత్రం ఒకటి పోగొట్టుకున్న దేవుడు, మరొకటి పైనుంచి దిగిన హుకుం.

ఇంతా విని, "పాత గొడవలు ఎందుకండీ ఇప్పుడు తవ్వడం? పసివాడి పేరుకు నెత్తుటి మరక అంటించడం ఏం న్యాయం?" అని మీలో కొందరు అడగవచ్చు. ఫోనులో మా చెల్లెలూ అదే అడిగింది. ఆ మాటకు జవాబు కొంపోస్తెలా గుడిలోనే వుంది. అక్కడ 18వ శతాబ్దపు శిల్పం ఒకటుంది. గుర్రం మీద సాంతియాగో, ఎత్తిన కత్తి, కింద నరుకుడుపడుతున్న మూర్లు. 2004లో, ఇతర మతాలవాళ్ళ మనసు నొప్పించకూడదని, ఆ శిల్పాన్ని ప్రదర్శనశాలకు తరలిస్తామని గుడివారు ప్రకటించారు. గొడవ లేచింది. దాంతో శిల్పాన్ని కదల్చలేదు. కానీ దాని అడుగుభాగాన్ని పూలతో కప్పుతూ వచ్చారు. గుర్రం కనిపిస్తుంది, కత్తి కనిపిస్తుంది. తెగిన తలలు మాత్రం పూలచాటున!

మా బంధువు చెప్పిన 'వీరుడు, రక్షకుడు' సరిగ్గా ఆ పూలే. శిల్పాన్ని తీసేయమని నేననను, వుంచమనీ అనను. అది ఆ వూరివాళ్ళ బాధ్యత. కత్తి చూపించి తలలు దాచడం మాత్రం అన్యాయం అంటాను. చూపిస్తే రెండూ చూపించాలి. అలా దాచబట్టే గదా, అవసరమయినవాడల్లా ఆ గుర్రాన్ని మళ్ళీ మళ్ళీ బయటికి తోలుకొచ్చాడు! 1937లో, అంతర్యుద్ధం మధ్యలో, ఫ్రాంకో సాంతియాగోను మళ్ళీ స్పెయిన్ పోషకుడిగా ప్రకటించాడు. అప్పుడు ఫ్రాంకో పక్షాన పోరాడిన సైన్యంలో వేలకు వేలు మొరాకో ముస్లిములు. మూర్లను చంపేవాడి జెండా కింద మూర్లే పోరాడారు. ఆ పేరు అర్థం వాళ్ళకెవరయినా చెప్పి వుంటారా?

అలాగని ఆ పేరులో నెత్తురే వుందంటే అదీ సగం నిజమే అవుతుంది. నేను కూడా పేర్ల పుస్తకంవాడినయిపోతాను. అదే గుడికి వెయ్యేళ్ళుగా జనం కాలినడకన వస్తున్నారు. ఫ్రాన్సు సరిహద్దు నుంచి దాదాపు 800 కిలోమీటర్లు. భుజాన సంచి, దానికొక ఆల్చిప్ప, చేతిలో కర్ర. ఈ మధ్య ఏడాదికి 4 లక్షల మందికి పైగా నడిచి, చేరినట్టు పత్రం తీసుకుంటున్నారు. వాళ్ళలో భక్తులున్నారు, దేవుణ్ణి నమ్మనివాళ్ళున్నారు, భార్యపోయిన మగవాళ్ళున్నారు, ఉద్యోగం పోయినవాళ్ళున్నారు. నడిచి నడిచి బొబ్బలెక్కిన వాళ్ళ పాదాల సాక్షిగా చెబుతున్నాను, సాంతియాగో పేరులోని మడమకు అర్థమంటూ వుంటే అక్కడే వుంది!

కథలల్లేవాళ్ళు కూడా ఈ పేరును వూరికే వదల్లేదు. 1952లో హెమింగ్వే తన ముసలి జాలరికి సాంతియాగో అని పేరు పెట్టి, కత్తి లాక్కుని మళ్ళీ వల చేతికిచ్చాడు. 84 రోజులు చేప పడకపోయినా పడవ దింపే ముసలివాడది ఆ పేరు. షేక్స్పియర్ నాటకంలో మూరు జాతి ఒథెల్లోను మాటలతోనే చంపిన దుర్మార్గుడి పేరు ఇయాగో. సాంతియాగోలోంచి పునీతుణ్ణి తీసేస్తే మిగిలేది అదే గదా! 1981లో గార్సియా మార్కెస్ రాసిన నవలలో, వూరందరికీ ముందే తెలిసి హత్యకు గురయ్యే యువకుడు సాంతియాగో నాసర్. వాడి తండ్రి పేరు ఇబ్రహీం, అరబ్బు. మూర్లను చంపేవాడి పేరుతో ఒక అరబ్బు బిడ్డ, వాడే కత్తిపోటుకు బలి! 1988లో పౌలో కొయిలో రాసిన కథలో గొర్రెలు కాసుకునే సాంతియాగో ఎడారి దాటి, ఫాతిమా అనే అరబ్బు పిల్లను ప్రేమిస్తాడు. వీళ్ళెవరూ నిఘంటువు చూసి ఆ పేరు పెట్టి వుండరు.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. పేరు అర్థం నిఘంటువులో వుండదని మనకు ఒకరు నేర్పాలా? పుట్టిన బిడ్డలు పోతూంటే, ఈ ఒక్కడన్నా దక్కాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి, పెంటయ్య అని పిలుచుకున్న తల్లులు మన పల్లెల్లో ఎందరు! ఆ పేరుకు పుస్తకం చెప్పే అర్థం పెంట. తల్లి చెప్పే అర్థం, 'నా బిడ్డను ఎవరూ తీసుకుపోకండి' అని.

అంతెందుకు, ఈ సాంతియాగో మనకు కొత్తవాడా? మన క్రైస్తవ కుటుంబాల్లో యాకోబు తాతలు ఎంతమంది లేరు? ముస్లిముల ఇళ్ళలో యాకూబ్ అదే పేరు. వరంగల్లు వైపు వెళ్ళండి. అన్నారంలో యాకూబ్ షావలీ దర్గా వుంది. అక్కడ మొక్కుకుని బిడ్డను కన్న హిందూ తల్లులు మొక్కు తీర్చుకుని, కొడుకయితే యాకయ్య, కూతురయితే యాకమ్మ అని పేరు పెడతారు. యాకయ్యకు చివరనున్న 'అయ్య' మనది. ముందున్న 'యాక' హీబ్రూ నుంచి అరబ్బీ మీదుగా వచ్చింది. చిలీలో పుట్టిన సాంతియాగో తాతగారూ, అన్నారం పక్క వూళ్ళో చెరువుగట్టు మీద కూచున్న యాకయ్యా పేరుకు అన్నదమ్ములు! ఆ యాకమ్మను పిలిచి, అమ్మా, నీ పేరుకు మడమ అని అర్థం, మోసం అని అర్థం అని చెప్పి చూడండి. ఆ తల్లి మిమ్మల్ని ఎగాదిగా చూసి నవ్వుతుంది. ఆమె పేరుకు అర్థం ఆమె అమ్మ కట్టిన మొక్కు.

వారం తరువాత మా చెల్లెలికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. చిలీ రాజధాని పేరు కూడా సాంతియాగోయేననీ, 1541 ఫిబ్రవరిలో స్పెయిన్‌వాళ్ళు ఆ పేరు పెట్టి వూరు కడితే, అదే ఏడాది సెప్టెంబరులో ఆ నేలకు అసలు హక్కుదారులయిన స్థానికులు దాన్ని తగలబెట్టారనీ చెప్పాను. "వీడికి ఊహ తెలిశాక, ఆ తాతగారి కథ ముందు చెప్పించు. అది వీడి పేరుకు మొదటి అర్థం. తరువాత గుర్రం బొమ్మ చూపించు. పూలు తీసి చూపించు. గంటలు మోసిన భుజాల కథ రెండువైపులా చెప్పు. కొండమీద పిడుగు బిడ్డల కథ చెప్పు. యాకయ్య కథ నేను చెబుతాను" అన్నాను.

చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. "ఇంత పెద్ద పేరు ఇంత చిన్నవాడు మోస్తాడా అన్నయ్యా?" అంది.

మోస్తాడమ్మా. తెలిసి మోస్తే భుజం నొప్పి పెట్టదు. తెలియక మోసేవాళ్ళ చేతనే ఎవరైనా ఏ బరువైనా మోయిస్తారు.

పెదబావగారికి ఇవేవీ నచ్చలేదు. శాంతి యాగమన్న మాట మీదే ఆయన నిలబడి వున్నారు. వుండనివ్వండి. ఈ సాంతియాగో పెద్దవాడయి, ఆ పేరు పెట్టుకుని ఎవరిమీదికీ గుర్రం తోలకుండా, ఎవరి గాదె మీదా చెయ్యి వేయకుండా నలుగురితో కలిసి బతికాడనుకోండి. అప్పుడు మా పెదబావగారి వ్యుత్పత్తి తప్పయినా, అర్థం మాత్రం ఒప్పవుతుంది.